నాలుగో గిట్ట

మా ఉదయగిరిలో రేడియో ఎట్లా వినపడేదో ముందు చెప్పాలి. ఊరిని ఆనుకునే కొండ, కొండ నెత్తిన కోట. పట్నం నుంచి గాల్లో వచ్చే మాటల్లో సగం ఆ కొండ వినేసి, మిగిలిన సగం మాకు వదిలిపెట్టేదని మా నాయన అనేవాడు. వానాకాలంలో అయితే వార్తలు తడిసి వచ్చేవి. మా అవ్వ వాటిని దండెం మీద ఆరేసి, ఎండినాక మడతపెట్టి, రేడియో లేని ఇళ్లకు పంచేది. ఈ మాట చెప్తే ఆత్మకూరులో ఎవరూ నమ్మరు. నమ్మొద్దు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నిజంగా జరిగింది. ఈ ముక్క కూడా నేను ప్రతిసారీ అంటానని నా షాపు ముందర బెంచీ మీద కూర్చునేవాళ్లు అంటారు. అదీ నిజమే.

నాది ఆత్మకూరు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు రిపేరు చేసే షాపు. పుట్టి పెరిగింది మటుకు ఉదయగిరిలో, చెక్క చెంచాలు చేసేవాళ్ల వీధిలో. మా పక్కింటి చాచా ఆ పనిలో మంచి చెయ్యి. కొండమీది నర్దికర్రను ఉలితో తొలిచి, ఆకురాయితో నున్నగా తీసి, కాడ మీద అల్లిక పనిలాగా బెజ్జాలు వేసేవాడు. ఆ గరిటె చేతికి తీసుకున్నవాళ్లకు దాన్ని కూరలో ముంచబుద్ధి అయ్యేది కాదు. మా ఇంట్లో ఒకటి ఇప్పటికీ గోడకు వేలాడుతూనే ఉండాది. దాని కింద ఇనప గరిటెతో వంట జరుగుతా ఉండాది.

ఆ రోజుల్లో ఆదివారం మధ్యాహ్నం రేడియోలో ముసుగు మనిషి నాటకం వచ్చేది. ఆయన పగలంతా తూకాలూ కొలతలూ తనిఖీ చేసే ఆఫీసులో నోట్లో నాలుక లేని గుమాస్తా. పొద్దు గూకితే మొహానికి నల్లగుడ్డ కట్టి గుర్రం ఎక్కేవాడు. బియ్యంలో రాళ్లు కలిపేవాళ్లు, గుళ్లో విగ్రహాలు ఎత్తుకుపోయేవాళ్లు, రేషను కిరసనాయిలు దారి మళ్లించేవాళ్లు, ఎవరినీ వదిలేవాడు కాదు. నాటకం అయినాక పాత్రధారుల పేర్లు చదివేవాళ్లు. దొంగ పేరు, పోలీసు పేరు, దొంగకు కాఫీ ఇచ్చిన అత్తగారి పేరు కూడా. ముసుగు మనిషి దగ్గరికి వచ్చేసరికి "ఆయన ఎవరో మాకూ తెలియదు" అని గొంతు తగ్గించి ఆపేసేవాళ్లు. ఆ ఒక్క మాట కోసం సగం ఊరు నాటకం వినేది. ఎవరైనా ఒకాయన రెండు ఆదివారాలు ఊళ్లో కనపడకపోతే చాలు, ఆయనే ముసుగు మనిషి అని టీ కొట్టు దగ్గర తేల్చేసేవాళ్లు. తీరా చూస్తే ఆయన వరికుంటపాడులో అత్తగారింట్లో జ్వరంతో పడుకుని ఉండేవాడు.

చాచాకు ఆ నాటకంతో సంబంధం ఉండేది. అది ఎట్లా కుదిరిందంటే, పెళ్లికి ముందు ఆయన పట్నంలో ఎగ్జిబిషన్‌కు చెంచాలు తీసుకుపోయినాడు. గిరాకీ లేని పూట ఊరికే కూర్చోలేక, చేతికి రెండేసి గరిటెలు వేళ్ల మధ్యన ఇరికించుకుని బల్ల మీద గుర్రం నడిపిస్తా ఉండినాడు. నడక, దౌడు, మెట్లెక్కడం, మెట్లు దిగడం. అటుగా పోతున్న రేడియో ఆయన ఒకడు ఆగి, కళ్లు మూసుకుని విని, ఏం బాబూ, నా వెంబడి వస్తావా అన్నాడట. ఆ తర్వాత కొన్ని నెలలు చాచా పట్నం పోయి రావడం, ముసుగు మనిషి గుర్రానికి కాళ్లు పెట్టి రావడం. ఆ తర్వాత వాళ్ల అమ్మకు ఒళ్లు బాగాలేక మానేసినాడు. గుర్రానికి పేరు చదవరు కదా, ఆయన పేరూ రేడియోలో రాలేదు.

ఇంతవరకూ బాగానే ఉండేది. పెళ్లి మాట కుదిర్చిన ఆయన దగ్గరే చెడింది. అమ్మాయి వాళ్లది ఆత్మకూరు. ఆమెకు ముసుగు మనిషి నాటకం అంటే ప్రాణం. ఆదివారం రేడియోకు చెవి ఆనించి కూర్చుంటే ఇంట్లో ఎవరూ పలకరించేవాళ్లు కాదట. ఈ సంగతి తెలుసుకుని, అబ్బాయి ఆ నాటకంలోనే చేస్తాడమ్మా అన్నాడు పెళ్లి పెద్ద. ఏ వేషం అని అడిగారు. ఆయన నవ్వి, అది చెప్పకూడదు కదా అన్నాడు. అంతే. ఒక్క అబద్ధం ఆడకుండా ఆత్మకూరు మొత్తం చేత చాచాకు ముసుగు కట్టించేసినాడు. నేను ఎందరినో చూసినాను గానీ, కోతలు కోసే నా అసలు వృత్తిలో అంత పనివాడిని చూళ్లేదు.

పెళ్లయినాక మొదటి ఆదివారం. కొత్త పెళ్లికూతురు చాచీ ఉదయగిరిలో రేడియో ముందర కూర్చుంది. ముందే రికార్డు చేసి పెట్టుకున్న నాటకం కాబట్టి అది వస్తూనే ఉండింది. పెట్టెలోంచి ముసుగు మనిషి దొంగల్ని గదమాయిస్తా ఉండాడు. పక్కన పీట మీద మొగుడు మిరపకాయ బజ్జీ తింటా ఉండాడు. ఆమె పెట్టె వైపు ఒకసారి, మొగుడి వైపు ఒకసారి చూసింది. చాచా నిజం చెప్పేసినాడు. ముసుగు మనిషి నేను కాదు, ఆయన గుర్రాన్ని, ఆ టకటక నాదే, విను అన్నాడు. వినడానికి కొండ అడ్డం. గుర్రం వచ్చేసరికి రేడియోలో పకోడీలు వేగుతున్నట్టు ఒకటే చిటపట.

"మొదట హీరో అన్నారు," అనింది చాచీ. "ఇప్పుడు గుర్రం అంటా ఉండావు. రేపు ఆ గుర్రం తిన్న గడ్డి కూడా నేనే అంటావు."

ఆ మాట నలభై ఏళ్లకు పైగా ఆ ఇంట్లో ఉప్పులాగా వాడకంలో ఉండింది. చాచా సంత నుంచి పుచ్చు వంకాయలు తెస్తే, గుర్రం ఏరితే ఇట్లాగే ఉంటాయి అనేది. జ్వరం వస్తే, గుర్రం డాక్టరు దగ్గరికి పో అనేది. ఆయన నవ్వేవాడు. కాపురం బాగానే సాగింది, పిల్లలు పుట్టారు, పెళ్లిళ్లు అయ్యాయి. కానీ నవ్వినాక ఆయన ఆకురాయి కాసేపు ఆగేది. పక్కింటివాణ్ణి కదా, నాకు వినపడేది.

నేను చిన్నప్పుడే ఆయన తరఫున ఊళ్లో సాక్ష్యం చెప్పినాను. దానివల్ల ఆయనకు జరిగిన మేలు ఏమీ లేదు. గుర్రం స్టూడియోలో టీ తాగేదని, చక్కెర తక్కువైతే మైకు ముందరే సకిలించేదని నేను చెప్పినాక, అంతవరకూ సగం నమ్మినవాళ్లు కూడా మానేశారు.

ఈ మధ్య చాచీకి చెవులు పోతా వచ్చాయి. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడి చెవిలో కొంచెం మిగిలింది. నెల్లూరులో చూపించారు. మెషిను పెట్టుకుంటే కొన్నాళ్లు, ఆ తర్వాత అదీ చెప్పలేం అన్నాడు డాక్టరు. అక్కడినుంచి వచ్చినాక చాచా నాకు ఫోన్ చేసినాడు. ఆమె చెవి మూసుకుపోయేలోపల ఆ గుర్రాన్ని ఒక్కసారి వినిపించాలి అన్నాడు. నన్ను వీరుడని ఆమె అనుకోవాల్సిన పనిలేదు. కానీ అబద్ధం చెప్పి చేసుకున్నానని అనుకుంటానే చెవిటిదైపోతే ఇంక నేనేం చెప్పినా వినదు కదరా అన్నాడు.

నా దగ్గర ఇంటర్నెట్టు ఉండాదని ఆయన ధైర్యం. వెతికినాను. దాంట్లో దొరకనిది లేదు అంటారు గానీ, మా నాటకం మటుకు దొరకలేదు. తెలిసినవాళ్ల ద్వారా రేడియో వాళ్లనూ అడిగించినాను. ఆ కాలం టేపులు ఉంచేవాళ్లు కాదు, ఒకదాని మీద ఇంకొకటి రికార్డు చేసేవాళ్లు అని చెప్పారు. అంటే ముసుగు మనిషి గుర్రం మీద ఏ వ్యవసాయదారుల కార్యక్రమమో ఎక్కి కూర్చుని ఉంటుంది. ఆ మాటే చాచాకు ఫోన్‌లో చెప్పినాను.

 ఆయన అన్నాడు. "అయితే మళ్లీ కొట్టాల్సిందే. నా వేళ్లు విచ్చుకోవు. చేతికి ఒకటే పట్టుకోగలను. నువ్వు రా. చేతులు తెచ్చుకో. నోరు ఆత్మకూరులో పెట్టి రా."

మరుసటి ఆదివారం షాపు తెరవకుండా ఉదయగిరి తొలి బస్సు ఎక్కినాను. పక్క సీటులో మర్రిపాడు గొర్రెల కాపరి ఒకాయన ఎక్కడికి అని అడిగినాడు. గుర్రం ముందు కాళ్లు వెయ్యడానికి పోతున్నాను అన్నాను. ఆయన తలూపి, కిటికీ వైపు జరిగినాడు. నిజం చెప్తే మనుషులు ఇట్లా జరుగుతారని నాకు మొదటిసారి తెలిసింది.

ఇల్లు అట్లాగే ఉండాది. వరండాలో కర్రపొట్టు, గోడకు ఆనించిన దుంగలు, మధ్యలో పని చేసే మందపాటి చెక్క పీట. ఇప్పుడు పని కోడలు చేస్తుంది. చాచా పక్కన కూర్చుని బెజ్జాలకు గుర్తులు పెడతాడు. ఉలి కింద ఇన్నేళ్లు వంగిన వేళ్లు అట్లాగే వంగి ఉండిపోయాయి. చాచీ మంచం మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తా ఉండింది. నన్ను చూసి, వచ్చినావా అబద్ధాల పుట్టా, కూర్చో అనింది. నేను నోరు తెరిచినాను. చాచా చూసినాడు. మూసుకున్నాను.

పాత పెట్టెలోంచి నాలుగు గరిటెలు తీసినాడు చాచా. పట్నంలో వాడినవే, నూనె రాసి దాచుకున్నాడు. రెండు నాకు ఇచ్చినాడు. ముందు కాళ్లు నేను, వెనక కాళ్లు ఆయన. పొద్దున్నుంచి పెరట్లో సాధన చేయించినాడు. మొదట్లో మా గుర్రం ముందు కాళ్లు ఆత్మకూరుకు, వెనక కాళ్లు బద్వేలుకు పోతా ఉండినాయి. కోడలు మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. మధ్యాహ్నం అన్నాల వేళకు ఎట్లాగో నాలుగు కాళ్లూ ఒకే ఊరికి బయలుదేరాయి.

అన్నాలైనాక చాచీని తెచ్చి పీట దగ్గర కూర్చోబెట్టినాము. కుడి చెవి పీటకు దగ్గరగా పెట్టమన్నాడు చాచా. ఎందుకు అని అడిగితే, ఊరికే పెట్టు అన్నాడు. ఆమె ఒక చెయ్యి పీట మీద పెట్టి వంగింది. మేం మొదలుపెట్టినాము. నడక, ఆ తర్వాత చిన్న పరుగు, ఆ తర్వాత దౌడు. నా మాట నేను నమ్మను గానీ, బాగా వచ్చింది. వీధిలో పోతున్న ఆటో నెమ్మదించింది. అయిపోయినాక చాచా నుదురు తుడుచుకుని, ఆమె మొహం చూస్తా కూర్చున్నాడు.

"బాగుండాది," అనింది చాచీ. "ఏంది ఇది?"

గుర్రం, ముసుగు మనిషి గుర్రం అని చెవి దగ్గర గట్టిగా చెప్పినాడు. ఆమె తల అడ్డంగా తిప్పింది. కోపం లేదు, ఎగతాళి కూడా లేదు. కూరలో ఉప్పు చూసి చెప్పినట్టు చెప్పింది. "ఇది ఆ గుర్రం కాదు. ఆ గుర్రం కుంటిది."

చాచా ముఖం ఎర్రబడింది. నలభై ఏళ్లు గుర్రమే లేదన్నా నవ్వినవాడు, కుంటిది అనేసరికి తట్టుకోలేకపోయినాడు. కుంటిదేంది, నా గుర్రానికి ఏం రోగం, పట్నంలో అంత మంది మెచ్చుకున్న దౌడు అది అని లేచినాడు. ఆమె తనకు తెలిసింది వదల్లేదు. ఆత్మకూరులో కొండ అడ్డం లేదు, మా రేడియో గాజు గ్లాసులాగా పలికేది అనింది. మూడు గిట్టలు టకటకమని పడేవి, నాలుగోది థప్ మనేది, గోతంలో కాలు పెట్టినట్టు. ఇంట్లో అందరూ ముసుగాయన మాటల్లో పడి ఎవరూ పట్టించుకోలేదు. నేను మా నాయనతో అంటే, రేడియోలో గుర్రం కుంటుతుందా పిచ్చిదానా అన్నాడు. ముసుగాయన అంత మంది దొంగల్ని పట్టినాడు గానీ, ఒక్కసారైనా దిగి దాని కాలు చూడలేదే అని నాకు కోపంగా ఉండేది. ఇంత చెప్పి మళ్లీ వక్కల పళ్లెం దగ్గరికి పోబోయింది.

నాకైతే నాలుక మీద కథ సిద్ధంగా ఉండాది. గుర్రం కాలికి తుపాకీ గుండు ఎట్లా తగిలిందో, ఏ వారం తగిలిందో, ఎవరు కాల్చారో మొత్తం చెప్పగలను. చెప్తే అందరి గొడవా తీరిపోయేది కూడా. చెప్పలేదు. నా జీవితంలో అంత కష్టం ఎప్పుడూ పడలేదు.

చాచా మాత్రం నిలబడిపోయినాడు. చేతిలోని గరిటెల్లో ఒకదాన్ని తిప్పి తిప్పి చూస్తా ఉండాడు. మిగతా మూడింటి కంటే అది ఒక వాసి మొరటు పని, కాడ మీద బెజ్జాలు కూడా లేవు. దాన్ని గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. టక్ మనింది. అప్పుడు మెల్లగా కూర్చుని, తనలో తాను చెప్పుకున్నట్టు చెప్పినాడు.

ఎగ్జిబిషన్‌లో మంచివన్నీ అమ్ముడుపోయి మూడే మిగిలాయి. నాలుగోది రికార్డింగుకు పోయే ముందర తొందరలో చెక్కినాడు, అప్పుడే కొండ దిగిన పచ్చికర్రతో. మా వీధిలో ఎవరూ అట్లా చెయ్యరు. కర్ర నీడలో ఆరాలి, ఆ తర్వాతే చెంచా. పచ్చిది గబాలున ఎండితే పగులుతుంది. అందుకని ఆ ఒక్కదాన్ని పట్నం పోయినన్నాళ్లూ తడి గోతపట్టలో చుట్టి మోసినాడు. పచ్చికర్ర టక్ అనదు. ఆయన చేతికి అలవాటైపోయింది, స్టూడియోలో కట్టిన తెరకు అవతల ఉన్నవాళ్లకు మాటల గోల. ఊరికొచ్చి రేడియోలో వింటే కొండ అడ్డం. కాబట్టి తన గుర్రం కుంటిదని చాచాకు ఇన్నేళ్లూ తెలియదు. పని మానేసినాక ఆ గరిటె పెట్టెలో పడి మెల్లగా ఆరిపోయింది. గుర్రం కాలు దానంతటదే నయమైపోయింది.

ఆయన కోడల్ని పిలిచినాడు. పొద్దున తొలిచిన గరిటె ఉండాది కదమ్మా, పచ్చిది, అది ఇయ్యి అన్నాడు. ఆమె తడి పట్టలోంచి తీసి ఇచ్చింది. ఇంకా అంచులు గరుగ్గా ఉండాయి, చెట్టు వాసన వస్తా ఉండాది. ఎండిన గరిటె పక్కన పెట్టి ఆ పచ్చిదాన్ని ఎడమ చేతికి తీసుకున్నాడు. పళ్లెం దించమని చాచీకి సైగ చేసినాడు. ఇంక చాలయ్యా, నా చెవికి నొప్పి అనింది గానీ, వచ్చి వంగింది. చెయ్యి పీట మీద పెట్టింది.

ఈసారి దౌడు తియ్యలేదు. నడకే. టక్, టక్, టక్, థప్. టక్, టక్, టక్, థప్.

 చాచీ ఇంకొంచెం వంగి, చెవి పూర్తిగా పీటకు ఆనించేసింది. అరచెయ్యి పీట మీద పరిచి పెట్టుకుంది, పశువు ఒంటి మీద పెట్టినట్టు. ఎంతసేపు కొట్టినామో నాకు తెలియదు. చాచా ఆపితే గదా నేను ఆపేది. ఆయన చేతులు నొప్పి పుట్టి ఆగినాడు.

ఆమె లేచి కూర్చుని ముందు కొంగుతో చెవి తుడుచుకుంది, కర్రపొట్టు అంటింది కాబట్టి. తర్వాత మొగుణ్ణి కింద నుంచి పై దాకా చూసింది, పెళ్లి చూపుల్లో చూసినట్టు.

"వీరుణ్ణి ఇస్తామని చెప్పి గుర్రాన్ని ఇచ్చినారు," అనింది. "అది కూడా కుంటిదాన్ని."

చాచా ఆకురాయి చేతికి తీసుకున్నాడు. ఆమె దాన్ని ఆయన చేతిలోంచి లాగేసి పక్కన పెట్టింది. ఆ గుర్రం మీద జాలితో నేను నమాజులో కూడా దువా చేసినాను, తెలుసా నీకు అనింది. చాచా తలూపినాడు. ఆయనకు తెలియదు. తెలియనిదానికి కూడా తలూపడం కాపురంలో వచ్చే విద్య.

కోడలు టీ తెచ్చింది. చాచీ ఒక గుక్క తాగి, ఇన్నేళ్లు అడగకుండా దాచుకున్నది అడిగింది. ఆ ముసుగాయన ఎట్లా ఉంటాడు, పేరేంది, నువ్వు పక్కనే ఉన్నావు కదా అని. నాక్కూడా ఒళ్లంతా చెవులయ్యాయి. ఉదయగిరి, ఆత్మకూరు రెండూ కలిసి తేల్చలేకపోయిన సంగతి అది. మైకుకు నా టకటక ఎక్కువ కాకుండా మధ్యలో కంబళి కట్టేవాళ్లు అన్నాడు చాచా. అవతల ఆయన, ఇవతల నేను. ఆయన ఎప్పుడూ ముందే వచ్చేవాడు, నేను గరిటెలు సర్దుకునేలోపల వెళ్లిపోయేవాడు.

"అయితే ఒక్కసారి కూడా మొహం చూడలేదా?"

"గుర్రానికి వీపు మీద కూర్చున్నవాడి మొహం ఎట్లా కనపడతది?" అన్నాడు చాచా.

చాచీ నవ్వింది. చాలాసేపు నవ్వింది, గ్లాసులో టీ తొణికేటట్టు. ఆ తర్వాత గ్లాసు కింద పెట్టి, పీట తన వైపు లాక్కుని, మళ్లీ కుడి చెవి ఆనించి కళ్లు మూసుకుంది. నేను ముందు కాళ్లు అందుకున్నాను. చాచా పచ్చి గరిటెను తడిపట్టతో ఒకసారి తుడిచి పట్టుకున్నాడు.

"మెల్లగా నడిపించండి," అనింది చాచీ. "దానికి కాలు నొప్పి."